మా ఊరి హాలు బుకింగుల పని నన్ను చూసుకోమంటున్నారు. ఒప్పుకోమంటారా?

పొలంగట్టు
14 సెప్టెంబర్ 2025, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ పల్లెల్లో ఉంటున్న తెలుగువాళ్ల సలహా కావాలి.

మేము ష్రాప్‌షైర్‌లో ఒక చిన్న ఊరికి వచ్చి పద్నాలుగు నెలలైంది. అంతకుముందు ఏడేళ్లు రెడింగ్‌లో ఉన్నాం. మావారు దగ్గరి పట్టణంలో ఆసుపత్రిలో పనిచేస్తారు, నేను ఇంటి నుంచే ఒక సంస్థకు లెక్కలు రాస్తాను. పాపకు ఆరేళ్లు. ఊళ్లో రెండు వందల గడప ఉంటుంది. చర్చి, పబ్బు, చిన్న బడి, క్రికెట్ మైదానం, విలేజ్ హాలు ఉన్నాయి. దుకాణం మేము రాకముందే మూతపడింది. బస్సు రోజుకు మూడుసార్లు వస్తుంది, ఆదివారం అసలు లేదు.

హాలు మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఊరి కుర్రవాళ్ల జ్ఞాపకార్థం కట్టారు. తలుపు తీయగానే ఎడమవైపు గోడకు చెక్క పలక ఉంటుంది, దాని మీద పదకొండు పేర్లు. ఒకే ఇంటిపేరు మూడుసార్లు వస్తుంది. ఆ పలక ముందే సోమవారం పొద్దున పసిపిల్లల ఆటలు, మంగళవారం సాయంత్రం పెద్ద చాప పరిచి బంతులు దొర్లించే బౌల్స్ ఆట, బుధవారం వృద్ధులకు మధ్యాహ్న భోజనం, గురువారం రెండు గంటల పోస్టాఫీసు, శుక్రవారం బ్యాడ్మింటన్. ఎన్నికలు వస్తే పోలింగు కేంద్రం కూడా అదే.

ఈ బుకింగులన్నీ ఇరవై రెండేళ్లుగా ఒక్కరే చూస్తున్నారు. ఆవిడకు ఎనభై ఒక్క ఏళ్లు. మోకాళ్లు సహకరించడం లేదని అక్టోబర్ వార్షిక సమావేశంలో తప్పుకుంటున్నారు. కమిటీలో తొమ్మిది మంది ఉండాలి, ఐదుగురే మిగిలారు. మొన్న బుధవారం భోజనాల దగ్గర వడ్డనకు సాయం వెళ్లాను. పళ్లేలు తుడుస్తుంటే ఆవిడ పక్కకు వచ్చి నిలబడి, నువ్వు లెక్కలు రాస్తావట కదా, ఈ పుస్తకం నువ్వు తీసుకుంటావా అని అడిగారు. ఎవరూ ముందుకు రాకపోతే చలికాలానికి హాలు మూయాల్సి వస్తుందని కూడా చెప్పారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఊళ్లో మాది ఒక్కటే భారతీయ కుటుంబం. ఫోనులో ఇక్కడి ముసలివాళ్ల యాస నాకు సగమే అర్థమవుతుంది. ఏదైనా తేడా వస్తే చట్టం నన్ను పట్టుకుంటుందా? అసలు ఇది కౌన్సిల్ చేయాల్సిన పని కాదా?

నల్లరేగడి
14 సెప్టెంబర్ 2025, రాత్రి 10.15

ఒప్పుకోండి. వివరంగా రేపు రాస్తాను, పొద్దున్నే మైదానానికి రోలరు లాగే వంతు నాది. అప్పటిదాకా ఎవరు ఏం చెప్పినా కాదని మాత్రం అనకండి.

తాటిముంజ
15 సెప్టెంబర్ 2025, ఉదయం 7.50

నేను వద్దంటాను. కారణం చెబుతాను.

ఆరేళ్ల కిందట మేమూ ఇలాంటి ఊళ్లోనే ఉండేవాళ్లం. మా బాబు పుట్టినరోజుకు హాలు తీసుకున్నాం. వంట ఇంట్లోనే చేసి తెచ్చాం, అక్కడ వేడి మాత్రం చేశాం. నేలంతా తుడిచి, కుర్చీలు పేర్చి, చెత్త మా కారులోనే పట్టుకెళ్లాం. వారం తర్వాత ఉత్తరం వచ్చింది. వంట వాసన మర్నాటి దాకా పోలేదట, అందుకని మేము కట్టిన బయానాలో సగం ఉంచుకుంటున్నారట. డబ్బు పోయినందుకు కాదు. ఆ ఉత్తరం నా భార్య చదివింది. ఆ తర్వాత ఆమె ఆ హాలు ముందు నుంచి నడవడానికి కూడా ఇష్టపడలేదు, చుట్టు తిరిగి వచ్చేది.

ఇప్పుడు సంక్రాంతికి, ఉగాదికి నలభై మైళ్లు నడుపుకుంటూ తెలుగువాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. మా పిల్లవాడు అక్కడ పద్యం చెబుతాడు, నలుగురు మెచ్చుకుంటారు. మీ సమయం, మీ శ్రమ అక్కడ పెట్టండి. ఈ ఊళ్లలో మనల్ని పని ఉన్నప్పుడే పిలుస్తారు.

వేపచెట్టు
15 సెప్టెంబర్ 2025, మధ్యాహ్నం 1.05

తాటిముంజ గారి బాధ నిజమైనది, దాని మీద వాదించను. పొలంగట్టు గారు అడిగిన చట్టం సంగతి మాత్రం చెబుతాను. ఇలాంటి సంస్థల పత్రాలు చూడటమే నా ఉద్యోగం.

ముందుగా, విలేజ్ హాలు ప్రభుత్వానిది కాదు. ఇంగ్లండ్‌లో ఇలాంటివి దాదాపు 10,000 ఉన్నాయి. ఎక్కువ భాగం ధర్మసంస్థలు, నడిపేది జీతం లేని ఊరివాళ్లు. పారిష్ కౌన్సిల్, అంటే మన పంచాయతీ లాంటిది, వేరే సంగతి. అది 1894 చట్టంతో వచ్చింది. మన కౌన్సిల్ పన్ను రసీదులో పారిష్ పేరుతో ఒక చిన్న మొత్తం కనిపిస్తుంది చూడండి, దాని రాబడి అదే. హాలుకు సాయం చేయవచ్చు. కొన్నిచోట్ల స్థలం దాని పేరున ఉంటుంది. కానీ గురువారం పొద్దున ఏడు గంటలకు తలుపు తీసి హీటరు వేసేది కౌన్సిల్ కాదు.

మీరు కమిటీని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. హాలు ఏ రూపంలో నమోదైంది? పాతకాలపు ట్రస్టు అయితే దానికంటూ చట్టం ముందు విడిగా ఉనికి ఉండదు. ఒప్పందాలన్నీ ట్రస్టీల పేర్లతోనే జరుగుతాయి, అప్పు మిగిలితే వాళ్ల మెడకే చుట్టుకోవచ్చు. 2013 నుంచి నమోదు చేస్తున్న ధర్మసంస్థల కొత్త రూపంలో సంస్థే ఒప్పందాలు చేసుకుంటుంది, సభ్యులకు ఆ భయం తగ్గుతుంది. చాలా హాళ్లు ఇప్పుడు దానిలోకి మారుతున్నాయి. తర్వాత బీమా పత్రం చూపించమనండి, తేదీ చూడండి. ట్రస్టు పత్రం కూడా చదవండి. బుకింగులు చూసే మనిషి ట్రస్టీ అయి తీరాలని చాలా పత్రాల్లో ఉండదు. ట్రస్టీ కాకుండా ఒక ఏడాది పని చేసి చూడవచ్చు. నమోదైన సంస్థ అయితే ఏటా వచ్చిన మొత్తం, ఖర్చైన మొత్తం ఛారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఇవాళే చూడండి.

యాస భయం చిన్నది. బుకింగులన్నీ ఈమెయిల్‌లో పంపమనండి. ఫోను తీసే పని ఇంకొకరికి ఇవ్వమనండి. లెక్క చక్కగా రాసే మనిషి దొరికితే మిగతావి వాళ్లే సర్దుకుంటారు.

సన్నజాజి
15 సెప్టెంబర్ 2025, సాయంత్రం 6.30

తాటిముంజ గారూ, ఆ ఉత్తరం రాయడం తప్పు. చదువుతుంటే నాకు కోపం వచ్చింది. మీ ఇల్లాలికి నా తరఫున ఒక మాట చెప్పండి.

మేము డెవన్‌లో ఉంటాం. మా హాలు నియమాల కాగితంలో కూడా ఘాటైన వాసన వచ్చే వంటలు చేయరాదు అని ఒక వాక్యం ఉండేది. ఎప్పుడు రాశారో, ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. నేను కమిటీలోకి వెళ్లిన రెండో సమావేశంలో ఆ వాక్యం చదివి వినిపించాను. శుక్రవారం ఇదే హాలులో చేపలు వేయించుకుంటున్నాం కదా, దానికి వాసన లేదా అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. అధ్యక్షుడు కలం తీసి ఆ గీత కొట్టేశారు. వంటగదిలో పొగ లాగే ఫ్యాను లేదని అప్పుడే బయటపడింది. ఫ్యానుకు డబ్బు కోసం నవంబర్‌లో ఒక రాత్రి భోజనాలు పెట్టాం. ఎనభై ఐదు మంది వచ్చారు, పులిహోర రెండోసారి కలపాల్సి వచ్చింది. లోపల మనిషి లేకపోతే ఆ వాక్యం ఇప్పటికీ అక్కడే ఉండేది.

ఒక జాగ్రత్త. ఊరికి వండిపెడితే ఏమేం వేశామో చీటీ రాసి పెట్టండి. ఇక్కడి ఆహార నియమాల్లో ఒంటికి పడని పదార్థాలు 14 ఉన్నాయి. వాటిలో ఆవాలు, నువ్వులు, వేరుశనగ, పాలు అన్నీ ఉన్నాయి. మన తాలింపులో ఆవాలు లేనిది ఏముంది? ఇంగువ డబ్బా వెనక కూడా చదవండి, చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు. గోధుమ పడని మనిషి మన అన్నం మీద నమ్మకంతో తింటే కష్టం.

విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే మహిళా సంఘం మీ ఊళ్లో ఉంటే చేరండి. ఇది 1897లో కెనడాలో పుట్టింది. 1915లో వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపానికి వచ్చి, అదే ఏడాది ససెక్స్‌లోని సింగిల్టన్ అనే ఊళ్లో ఇంగ్లండ్‌లో మొదటిది మొదలైంది. యుద్ధకాలంలో ఆహారం పండించి, నిలవ చేయడం నేర్పడం దాని తొలి పనుల్లో ఒకటి. మాకు నెలకొక సమావేశం. ఒక నెల తేనెటీగల గురించి, ఇంకో నెల వీలునామా రాయడం గురించి ఎవరో వచ్చి చెబుతారు. తర్వాత టీ. ఎక్కడి నుంచి వచ్చావని మొదటి నెల అడిగారు, రెండో నెల నుంచి కేకు ఎవరు తెస్తున్నారని అడిగారు.

నల్లరేగడి
15 సెప్టెంబర్ 2025, రాత్రి 9.20

మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో మా ఊరి క్రికెట్ క్లబ్బు నాలుగేళ్ల కిందట మూతపడే స్థితికి వచ్చింది. శనివారం పదకొండు మంది దొరికేవారు కాదు, ఎనిమిది మందితో ఆడి ఓడిపోయి వచ్చేవాళ్లట. ఇప్పుడు జట్టులో నలుగురం తెలుగువాళ్లం, ఒక మలయాళీ, ఇద్దరు రైతులు, ఒక వడ్రంగి, బడి మాస్టారు, ఆయన ఇద్దరు కొడుకులు.

మనవాళ్లు చాలామంది ఆదివారం పట్టణంలో అద్దె మైదానంలో ఆడి ఇంటికి వెళ్లిపోతారు. ఊరి క్లబ్బు అలా కాదు. పిచ్ గడ్డి ఎవరు కోస్తారు, వాన వస్తే కప్పే పట్టాలు ఎవరు లాగుతారు, టీకి రొట్టెముక్కలు ఎవరు తెస్తారు, స్కోరు పుస్తకం ఎవరు రాస్తారు, ఇవన్నీ వంతులు. నేను మొదటి ఏడాది బ్యాటింగు చేసిన గంటల కన్నా గడ్డి కోసిన గంటలే ఎక్కువ. మార్చిలో రోలరు లాగుతుంటే నేల గట్టిపడటం అరికాలికి తెలుస్తుంది. అది తెలిసిన తర్వాత ఆ ఇరవై రెండు గజాలను పరాయిదని అనుకోలేం.

ఊరి జట్లకు 1972 నుంచి జాతీయ పోటీ ఉంది, తుదిపోరు లార్డ్స్‌లో పెట్టేవారు. మొదటి ఏడాది గెలిచింది కార్న్‌వాల్‌లోని ట్రూన్ అనే పల్లె. ఈ కథ మా డ్రెస్సింగు గదిలో ప్రతి ఏప్రిల్‌లోనూ ఎవరో ఒకరు చెబుతారు.

మీ పాపకు ఆరేళ్లన్నారు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు క్రికెట్ బోర్డు పథకం ఒకటి 2017 నుంచి నడుస్తోంది, మెత్తటి బంతితో. మే నెలలో మీ క్లబ్బులో అడగండి.

పుస్తకాలపురుగు
16 సెప్టెంబర్ 2025, ఉదయం 11.10

హాలు, క్రికెట్ అయ్యాయి. పుస్తకాల మాట ఎవరూ ఎత్తలేదు.

మాది నార్ఫక్. గ్రంథాలయం వ్యాను నాలుగు వారాలకు ఒకసారి చర్చి గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఆ ఇరవై నిమిషాల కోసం ఒక పెద్దావిడ చక్రాల సంచి లాక్కుంటూ ముందే వచ్చి నిలబడుతుంది. తిరిగిచ్చే పుస్తకాలు, కావలసినవాటి చీటీ రెండూ సిద్ధంగా ఉంటాయి. ఎవరూ ఎక్కని చోటును ఏదో ఒక ఏడాది జాబితాలోంచి తీసేస్తారు. అందుకే పుస్తకం అవసరం లేకపోయినా నేను వెళ్లి ఒకటి తీసుకుంటాను. నా పేరు ఆ లెక్కలో ఉండాలి.

మా ఊళ్లో ఎర్ర టెలిఫోను పెట్టె కూడా ఇప్పుడు పుస్తకాల అర. టెలిఫోను సంస్థ 2008 నుంచి వాడుకలో లేని పెట్టెలను ఒక్క పౌండుకు ఊళ్లకు ఇస్తోంది. సోమర్‌సెట్‌లో వెస్ట్‌బరీ సబ్ మెండిప్ అనే ఊరు 2009లో దానిలో గ్రంథాలయం పెట్టింది, తర్వాత ఎన్నో ఊళ్లు ఆ బాట పట్టాయి. కొన్నిచోట్ల గుండె ఆగినప్పుడు వాడే డిఫిబ్రిలేటర్ పెడుతున్నారు. మా దానిలో నాలుగు అరలున్నాయి. తేమకు అట్టలు ఉబ్బుతాయి, అందుకని నెలకోసారి అన్నీ తీసి తుడిచి, పొడి బియ్యం కట్టిన చిన్న గుడ్డ మూటలు మారుస్తాను. అది మా అమ్మమ్మ పెట్టెలో చూసి నేర్చుకున్నది.

మనవాళ్లకు ఇది కొత్త కాదు. చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని 1918లో పెట్టింది ఏ ప్రభుత్వమూ కాదు, ఊరివాళ్లే. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ వెంట ఊరూరా తిప్పారు. వ్యాను మెట్టు ఎక్కిన ప్రతిసారీ నాకు ఆ పడవే గుర్తొస్తుంది.

తాటిముంజ
16 సెప్టెంబర్ 2025, రాత్రి 8.45

సన్నజాజి గారూ, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. మీకు థాంక్స్ చెప్పమంది.

అయినా నా ప్రశ్న నాకు ఉంది. ఆ వాక్యం కొట్టేయించడానికి మీకు ధైర్యం ఉంది. అందరికీ ఉండదు. ఉద్యోగం, పిల్లలు, ఇండియాలో పెద్దవాళ్లు, వీటి మధ్య ఇంకో బరువు ఎందుకు? మనం లేకపోతే మూతపడుతుందంటే అది వాళ్ల సమస్య కాదా?

ఊరిబావి
17 సెప్టెంబర్ 2025, ఉదయం 6.30

తమ్ముడూ, నీ ప్రశ్నకు నేను జవాబు చెప్పదగినవాణ్ణి, వయసు రీత్యా. కాకినాడలో వైద్యం చదివి 1979లో ఈ దేశం వచ్చాను. సఫక్‌లో ఒకే ఊళ్లో ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రాక్టీసు చేశాను. అన్నేళ్లూ నేను ఊరికి డాక్టరునే, ఊరివాణ్ణి కాదు. నన్ను అందరూ గౌరవించారు, ఎవరూ ఒక పని అడగలేదు. అడగకపోవడం కూడా ఒక దూరమే.

రిటైరయ్యాక ఒక మంగళవారం సాయంత్రం చర్చి గంటలు మోగుతుంటే గోపురం కింద నిలబడి వింటున్నాను. లోపలి నుంచి ఒకాయన వచ్చి, ఆరో తాడుకు మనిషి లేడు, నేర్చుకుంటారా అని అడిగాడు. నేను హిందువునన్నాను. గంటకు ఆ సంగతి తెలియదు అన్నాడు.

ఇక్కడి గంటలు మన గుడి గంటల్లా ఊగవు. పెద్ద చక్రానికి కట్టి, నోరు పైకి పెట్టి నిలబెడతారు. తాడు లాగితే చుట్టూ ఒక పూర్తి తిప్పు తిరిగి మళ్లీ పైకి వచ్చి నిలుస్తుంది. తాడు మధ్యలో ఎర్ర, తెల్ల, నీలం ఉన్ని అల్లిన లావాటి పట్టు ఉంటుంది. అది పైకి లేచేటప్పుడు సరిగ్గా సమయానికి వదలాలి. వదలకపోతే మనిషిని కూడా తీసుకుపోతుంది. చెయ్యి వదలడం నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. ఆరు గంటలను ఒకసారి వచ్చిన వరుస మళ్లీ రాకుండా 720 రకాలుగా మోగించవచ్చు. పాట రాగం ఏమీ ఉండదు, వరుస మారుతూ పోవడమే. నా ముందు ఎవరు, నా వెనక ఎవరు అన్నది చెవితో, కంటితో పట్టుకోవాలి. ఒక్కరు తప్పితే ఆరుగురం ఆగిపోతాం. 2023లో రాజు పట్టాభిషేకానికి దేశమంతా కొత్తవాళ్లకు నేర్పించారు. మా గోపురంలో ముగ్గురికి నేర్పించింది నేనే.

ఇంకొకటి. ప్రాక్టీసులో ఉన్నప్పుడు ఆసుపత్రి అపాయింట్‌మెంటుకు రాలేదని ముసలివాళ్ల మీద విసుక్కునేవాణ్ణి. బస్సు లేదని వాళ్లు చెబితే సాకు అనుకున్నాను. ఇప్పుడు ఊరి కార్ల పథకంలో వారానికి రెండు రోజులు డ్రైవరుగా వెళ్తాను. పెట్రోలుకు మైలుకు 45 పెన్నీలు తీసుకుంటాం, అంతే. మొదటి వారం ఒకావిడను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. పందొమ్మిది మైళ్లు. వెనకటికి ఆవిడ మూడు అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టిందని నేనే చీటీలో రాశాను. బస్సుకు వెళ్తే సాయంత్రం తిరిగి రావడానికి బస్సు ఉండదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ ఊళ్లో ఉండి నాకు బస్సు వేళలు తెలియవు.

పొలంగట్టు తల్లీ, నీకు పద్నాలుగు నెలలకే అడిగారు. నేను ముప్ఫై ఏళ్లు ఎదురుచూశాను. ఒప్పుకో.

కాలువగట్టు
17 సెప్టెంబర్ 2025, మధ్యాహ్నం 12.20

మా ఊరి పబ్బును ఊరివాళ్లమే కొన్నాం కాబట్టి ఒక ముక్క. 2011 చట్టం ప్రకారం ఊరికి పనికొచ్చే భవనాన్ని కౌన్సిల్ జాబితాలో చేర్పించవచ్చు, ఇరవై ఒక్కమంది ఓటర్లు కలిసి అడిగితే చాలు. తర్వాత యజమాని అమ్మదలిస్తే, మేము కొంటామని ఊరు ముందుకొస్తే ఆరు నెలలు ఆగాలి. అలాగని ఊరివాళ్లకే అమ్మాలని నిబంధన ఏమీ లేదు, గడువు దొరుకుతుంది అంతే. ఆ ఆరు నెలల్లో వాటాలు అమ్మి డబ్బు పోగేశాం. ఎన్ని వాటాలు కొన్నా మనిషికి ఒక్కటే ఓటు. మీ హాలు మూసే మాట వస్తే ఈ జాబితాలో ఉందో లేదో చూడండి.

పొలంగట్టు
17 సెప్టెంబర్ 2025, రాత్రి 10.05

ఇన్ని మాటలు వస్తాయని అనుకోలేదు. ఊరిబావి గారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, బుధవారాలు నాకు డ్యూటీ లేదు, పాపను నేను చూసుకుంటాను అన్నారు.

వేపచెట్టు గారూ, లెక్కలు చూశాను. పోయిన ఏడాది వచ్చినదానికన్నా ఖర్చే ఎక్కువ, కరెంటూ ఆయిలూ తినేశాయి. బీమా సక్రమంగా ఉంది. హాలు పాతకాలపు ట్రస్టే.

ఇంకో చిన్న ప్రశ్న. హాలు వెనక పారిష్ కౌన్సిల్ స్థలం ఖాళీగా, ముళ్లపొదలతో ఉంది. కూరగాయల మళ్లు అడగవచ్చా?

వేపచెట్టు
18 సెప్టెంబర్ 2025, ఉదయం 8.15

అడగవచ్చు. 1908 చట్టం ఉంది. ఆరుగురు ఓటర్లు లేదా పన్ను కట్టేవాళ్లు రాసిస్తే కౌన్సిల్ పరిశీలించి తీరాలి, అవసరం ఉందని తేలితే స్థలం చూపించాలి. ఇక్కడి పాత లెక్కలో ఒక పూర్తి మడి ఎకరంలో పదహారో వంతు. మన లెక్కలో ఆరుంపావు సెంట్లు. మొదటిసారి సగం మడి తీసుకోండి, కలుపు ముందు ఎవరైనా ఓడిపోతారు.

సన్నజాజి
18 సెప్టెంబర్ 2025, ఉదయం 9.00

చుక్కకూర, మెంతికూర వేయండి, బాగా వస్తాయి. గోంగూర ఆరుబయట వద్దు, గాజు గదిలో అయితే జూలై తర్వాత కాస్త దక్కుతుంది. రూబార్బ్ ఒక దుబ్బు నాటండి. ఆ కాడల పులుపు చూస్తే ఆవపిండీ కారమూ కలపకుండా ఉండలేరు. మా ఊరి ఆగస్టు ప్రదర్శనలో ఊరగాయల వరుసలో నా రూబార్బ్ ఆవకాయకు మూడో బహుమతి వచ్చింది.

ఆ ప్రదర్శనలో నియమాలు మాత్రం జాగ్రత్తగా చదవండి. మూడు ఉల్లిగడ్డలంటే మూడే, అన్నీ ఒకే కొలత, మెడలు దారంతో కట్టి ఉండాలి. మొదటి ఏడాది మిరపకాయలు ఆరు పెట్టమంటే మంచివి కదా అని ఏడు పెట్టాను. నిబంధన ప్రకారం లేదు అని చీటీ పెట్టారు, కాయ ముట్టుకుని కూడా చూడలేదు.

పొలంగట్టు
10 అక్టోబర్ 2025, ఉదయం 7.10

నిన్న రాత్రి సమావేశం జరిగింది. ఇరవై ఆరు మంది వచ్చారు. బుకింగుల సంగతి వచ్చేసరికి అందరూ నేల చూస్తున్నారు. నేను చెయ్యి ఎత్తాను. ఒక ఏడాది చేస్తాను, ట్రస్టీగా కాదు, ఫోను ఇంకొకరు తీయాలి, హాలు కొత్త రూపంలోకి మార్చే పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి అని రాసుకున్న కాగితం చదివాను. చెయ్యి వణుకుతోంది. వెనక వరుసలోంచి క్రికెట్ క్లబ్బు ఆయన లేచి ఫోను నేను తీస్తాను అన్నాడు. దాని తర్వాత ఇంకో ఇద్దరు కమిటీలోకి వచ్చారు.

పెద్దావిడ పుస్తకం, తాళంచెవి ఇచ్చారు. చెవికి అరచేయంత చెక్క ముక్క కట్టి ఉంది, పోగొట్టుకోకుండా. ఇరవై రెండేళ్లుగా పట్టుకుని దాని ఒక మూల నున్నగా అరిగిపోయింది. పుస్తకం అంతా పెన్సిలుతోనే రాశారు. ఎందుకని అడిగితే, జనం మనసు మార్చుకుంటారమ్మా, రబ్బరు దగ్గర ఉంచుకో అన్నారు.

దీపావళి సోమవారం వచ్చింది. సాయంత్రం హాలు ఖాళీ. పిలుద్దామా అనుకుంటున్నాం. బాణసంచా కాల్చవచ్చా?

వేపచెట్టు
10 అక్టోబర్ 2025, ఉదయం 8.30

శుభం. మామూలు రోజుల్లో రాత్రి పదకొండు దాకానే, దీపావళికి మాత్రం ఒంటిగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది. అయినా పల్లెలో కాల్చకండి. చుట్టూ గొర్రెలు, గుర్రాలు ఉంటాయి, బెదిరి కంచె మీద పడతాయి. కాకరపువ్వొత్తులు, దీపాలు చాలు.

పొలంగట్టు
2 నవంబర్ 2025, సాయంత్రం 5.20

దీపాలే పెట్టాం. కిటికీల గట్ల మీద వరుసగా, ఆ చెక్క పలక కింద పదకొండు. నలభై మంది దాకా వచ్చారు. సన్నజాజి గారు చెప్పినట్టు ప్రతి గిన్నె ముందూ చీటీ పెట్టాను. ఆవాలు అన్న మాట ఏడు చీటీల మీద రాశాను. మూడు దీపాల దగ్గర ఒక ముసలాయన ఆగి చాలాసేపు నిలబడ్డాడు. ఆ ముగ్గురిదీ ఆయన ఇంటిపేరేనట. ఏటా నవంబర్ 11న, యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే రోజున, ఎర్ర గసగసాల పూల దండ పెట్టేది ఆయనేనని తర్వాత తెలిసింది.

మళ్ల కోసం ఆరు సంతకాలు కావాలి, ఎనిమిది వచ్చాయి.

ఇవాళ వచ్చే ఏడాది పుస్తకం మొదలుపెట్టాను. ఉగాది మార్చి 19, గురువారం, పోస్టాఫీసు రోజు. అందుకని 21 శనివారం మధ్యాహ్నం మా పేరు రాశాను, పెన్సిలుతోనే. అద్దె అందరిలాగే కడుతున్నాం. తాటిముంజ గారూ, మీ ఊరి నుంచి మాకు ఎంత దూరమో తెలియదు, మీరూ మీ ఇల్లాలూ పిల్లవాడూ వస్తే సంతోషం. పద్యం కూడా చెప్పించండి.

ఒక్కటే దొరకడం లేదు. పచ్చడికి వేపపువ్వు ఎవరి దగ్గరైనా ఉందా?

తాటిముంజ
2 నవంబర్ 2025, రాత్రి 9.55

మా అత్తగారు ఎండబెట్టి పంపినది సీసాలో ఉంది. పోస్టులో పంపాలా, తెమ్మంటారా అని మా ఆవిడ అడుగుతోంది.

పొలంగట్టు
2 నవంబర్ 2025, రాత్రి 9.58

తెమ్మనండి.